ఏడో ఎక్కం

మా ఇంట్లో పదిహేనేళ్ళ దొరసాని ఒకతె ఉంది. కన్నది నేనే, కానీ ఆవిడ వాలకం చూస్తే నన్ను జీతానికి పెట్టుకున్నట్టు ఉంటుంది. భోజనానికి రమ్మని నాలుగుసార్లు పిలిస్తే ఒక చెవిలోని బుడిపె ఊడదీసి "ఏంటి?" అంటుంది. ఆ "ఏంటి"లో నేను మనిషిని కాను, తలుపు తట్టిన పోస్టుమాన్‌ని. పోస్టుమాన్‌కైనా సంతకం పెడుతుంది.

వాళ్ళ నాన్నది ఇంకో రకం. ఆఫీసులకి వెళ్ళి ఉద్యోగులకి మర్యాదగా ఎలా మాట్లాడాలో నేర్పడం ఆయన ఉద్యోగం. మెడలో పట్టీ, చేతిలో మైకు, నోట్లో తేనె. ఇంట్లో కూతురు "డాడీ, నస ఆపుతావా?" అంటే ఆపుతాడు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడటమంటే అదే.

నేను పళ్ళ సెట్లు చేస్తాను. డాక్టర్లు పళ్ళన్నీ పీకేసి మనుషుల్ని నా దగ్గరికి పంపుతారు. ముందుగదే నా పనిగది. ఒక కుర్చీ, వంగే దీపం, మైనం కరిగించే చిన్న స్టవ్వు, ప్లాస్టరు బస్తాలు. గదికీ ఇంటికీ మధ్య పచ్చటి తెర. ఆ తెర వేసి ఉంటే ఇంట్లోవాళ్ళు ఎవరూ ఇటు తొంగిచూడకూడదు. మా ఇంట్లో నిలబడ్డ చట్టం అదొక్కటే. మిగతావి మా ఆయన పెట్టినవి, అందుకని ఎవరూ పట్టించుకోరు.

ఎందుకింత పట్టుదల అంటే, పళ్ళు లేని నోరు మనిషి ఎవరికీ చూపించుకోడు. పదిమందిలో చొక్కా విప్పి తిరిగే మగాళ్ళు కూడా నా కుర్చీలో కూర్చుని నోరు తెరిచేముందు తలుపు వైపు చూస్తారు. మా వీధి లెక్కల టీచరుగారైతే మొదటిరోజు చేతిరుమాలు అడ్డం పెట్టుకునే లోపలికి వచ్చారు. పళ్ళు తీయించుకున్నప్పటి నుంచి సొంత కొడుకు ముందు కూడా ఆ రుమాలు దించలేదట. తలుపు వేసుకుని ఒక్కరే తింటున్నారట, అదీ మెత్తగా మెదిపినవి. నా ముందు రుమాలు దించి, "నీ ఒక్కదానికే చూపిస్తున్నానమ్మా," అన్నారు. ఈ వీధిలో సగంమందికి లెక్కలు నేర్పింది ఆవిడే. ఆ సగంలో మా ఆయన కూడా ఉన్నాడు, లెక్కలు రాకపోయినా.

నా పనిలో ఒక పద్ధతి ఉంది. మైనం మీద పళ్ళు పేర్చి నోట్లో పెట్టి చూసేముందు, ఒట్టి చిగుళ్ళతో మనిషిచేత కాసేపు మాట్లాడిస్తాను. పెదాలు ఎక్కడికి వచ్చి ఆగుతున్నాయో తెలియకపోతే పళ్ళు గుర్రప్పళ్ళైనా అవుతాయి, లోపలికైనా పోతాయి. ఏం మాట్లాడాలన్నది వాళ్ళ ఇష్టం. కొందరు వార్తలు చదువుతారు, కొందరు కోడళ్ళని తిడతారు. టీచరుగారు కళ్ళు మూసుకుని ఏడో ఎక్కం చెప్పారు. ఏడు రెళ్ళు, ఏడు మూళ్ళు. చిగుళ్ళ మధ్య మాటలు నాని జారిపోతుంటే సిగ్గుపడుతూనే చివరిదాకా చెప్పారు. ఇంకో రెండు సార్లు కూర్చుంటే పని పూర్తవుతుందని చెప్పి పంపాను.

రెండు రోజుల తర్వాత సాయంత్రం మా ఆయన సోఫాలో పడి దొర్లుతున్నాడు. "ఇది చూడవే, నవ్వలేక చస్తున్నా," అని ఫోను నా మొహంలో పెట్టాడు.

ఒక బోసినోరు. ముక్కు కిందనుంచి గడ్డం దాకా, తెర నిండా. ఏడు రెళ్ళు అన్నప్పుడల్లా వెనకనుంచి ఒక మేక అరుస్తుంది. ఒక మూలన పచ్చటి గుడ్డ అంచు. ఇంకో మూలన గ్లౌజు వేసుకున్న చెయ్యి. ఆ చెయ్యి నాది. పెళ్ళాం చేతిని గుర్తుపట్టలేదంటే సరే, గ్లౌజు ఉంది అనుకుందాం. చిన్నప్పుడు వేళ్ళ కణుపుల మీద స్కేలుతో వాయించిన టీచరు గొంతు కూడా ఈ మహానుభావుడికి ఆనలేదు.

ఫోను పట్టుకుని దొరసాని గదికి వెళ్ళాను. మంచం మీద కాళ్ళు గోడకి ఆనించి పడుకుని ఉంది.

"ఇది నువ్వు తీశావా?"

ఓరకంట చూసింది. "ఓ, అదా. నీదాకా వచ్చిందా? అంటే బాగా వెళ్తోందన్నమాట."

"ఆవిడ ఎవరో తెలుసా నీకు?"

"కళ్ళు కనపడకుండా కట్ చేశాను కదా. ఒట్టి నోరు. నోరు చూసి ఎవరు గుర్తుపడతారు? నీకివన్నీ అర్థం కావులే అమ్మా."

"ఇప్పుడే తీసేయ్."

"ఇప్పుడా? ఇంకా ఎక్కుతోంది. ఎల్లుండి చూద్దాం."

ఎల్లుండి చూస్తుందట! ఏదో నేను సెలవు చీటీ పెట్టుకున్నట్టు. ఇంతలో మా ఆయన వెనకే వచ్చి గొంతు సవరించుకున్నాడు. "చూడు తల్లీ, మనం ఒక మాట అనేముందు, ఒక పని చేసేముందు, ఎదుటివాళ్ళ స్థానంలో..."

"డాడీ, నువ్వు దీన్ని నాలుగు గ్రూపుల్లో పెట్టావు. నాకు కనిపిస్తుంది."

ఆయన నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. ఆ నోట్లో ముప్ఫై రెండు పళ్ళూ ఉన్నాయి, ఏం లాభం.

నాకు తిక్క రేగింది. దాని చేతిలోంచి ఫోను గుంజుకుని పనిగదికి వచ్చాను. రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టాను. అచ్చులు పోసే తొట్టెలో ప్లాస్టరు కలిపాను, నోటి అచ్చులకి వాడేది కాదు, దిమ్మెలకి వాడే గట్టి రకం. సగం పోసి, మధ్యలో ఫోను పడుకోబెట్టి, మిగతాది పైన పోశాను. దొరసాని గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"నీకు పిచ్చి పట్టిందా?"

"నీకు బుద్ధి వచ్చిన రోజున పగలగొడతాను."

"అంటే ఎప్పటికీ తీయవా?" అంది. దాని నోటికి మందు లేదు. మనసులో మాత్రం నేను ఎంతో మురిసిపోయాను. దిమ్మె గట్టిపడి తెల్లగా, నున్నగా అరమీద కూర్చుంది. పిల్లల్ని ఎలా దారిలో పెట్టాలో ఊళ్ళో తల్లులందరికీ క్లాసు తీసుకోవచ్చు అనుకున్నాను. ఆయనకి తోడు నేను తయారయ్యాను.

తెల్లారేసరికి దిమ్మె గుర్రుమంటోంది. కాసేపు ఆగడం, మళ్ళీ గుర్రుమనడం. ఎవరో నవ్వినప్పుడల్లా, ఇంకెవరికో పంపినప్పుడల్లా లోపలి ఫోనుకి కబురొస్తోంది. అప్పుడు వెలిగింది నా బుర్రలో దీపం. నేను ఫోనుని శిక్షించాను. వీడియో మాత్రం హాయిగా ఊరేగుతోంది.

మా ఆయన్ని లేపి కంప్యూటరు ముందు కూర్చోబెట్టాను. కూతురి ఖాతాలోకి వెళ్ళడానికి కుస్తీ పట్టాడు. ఆఖరికి ఆ కంప్యూటరు, నువ్వే అసలు మనిషివని రుజువు కావాలి, నీ ఫోనుకి అంకెలు పంపాం, చూసి కొట్టు అంది. అరమీద దిమ్మె గుర్రుమంది.

"అదుగో, వచ్చింది. చూసి చెప్పు," అంది దొరసాని, చేతులు కట్టుకుని గోడకి ఆనుకుని. దాని మొహంలో ఆ వెటకారం చూస్తే చెంప పగలగొట్టాలనిపించింది. కానీ పగలగొట్టాల్సింది చెంప కాదు, దిమ్మె. అదీ నా చేత్తో పోసింది.

నేలమీద కూర్చుని రంపంతో అంచులు కోస్తూ, సుత్తితో నెమ్మదిగా కొడుతున్నాను. గట్టిగా కొడితే ఫోను పోతుంది, వీడియో శాశ్వతంగా ఉండిపోతుంది. ఆ సమయంలోనే నా ఫోను మోగింది. నా చేతులనిండా తెల్ల పొడి. మా ఆయన స్పీకరు నొక్కి నా ముందు పెట్టాడు. టీచరుగారు.

"మా కోడలు ఒక వీడియో చూపించిందమ్మా," అన్నారు. మాటలు నానుతున్నాయి, అయినా తొందరపడకుండా ఒక్కొక్కటే పేర్చుకుంటూ చెబుతున్నారు. "అది నా నోరని తనకి తెలీదు. తెలియక, నన్ను నవ్వించాలని చూపించింది. నేను కూడా నవ్వాను. రుమాలు అడ్డం పెట్టుకుని."

సుత్తి కింద పెట్టాను.

"ఇంక నేను రాను. ఆ మైనం కరిగించేసి ఇంకెవరికైనా వాడుకో. ఈ కాస్త జీవితానికి పళ్ళు లేకపోతే ఏమైంది," అని పెట్టేశారు.

ఇన్నేళ్ళుగా ఆ కుర్చీలో ఎందరో నోరు తెరిచారు, ఎవరి నోరూ ఆ గది దాటలేదు. నా పనికి అదే పరువు. ఆ పరువు కన్నా కూడా, ఒక పెద్ద మనిషి ఇకనుంచి చచ్చేదాకా రుమాలు చాటున, తలుపు చాటున బతుకుతుందన్న మాట నన్ను కోసేసింది. నా కూతురి మీద నాకు అసహ్యం వేసింది. తల్లి అలా అనకూడదంటారు. అన్నాను.

"ఆవిడకెలా తెలిసింది?" అంది దొరసాని. గొంతు కాస్త తగ్గింది. "ఒట్టి నోరే కదా."

"ఆవిడ నోరు ఆవిడకి తెలీదటే?"

దిమ్మె రెండుగా చీలింది. ఫోను బతికే ఉంది. దాని చేతికిచ్చి, నా కళ్ళ ముందే వీడియో తీసేయించాను. తీసేసిన మరుక్షణం, "ఇంక ఇది నా దగ్గర ఉంచుకోవచ్చా?" అని అడిగింది. చూశారా, దీని తెలివి!

"ముందు క్షమాపణ," అన్నాడు మా ఆయన, తన శాఖ వచ్చింది కాబట్టి. దొరసాని ఫోనులో ఏదో టకటకా కొట్టి, గుక్క తిప్పుకోకుండానే బారెడు ఉత్తరం చూపించింది. ఆయన పైకి చదివాడు. "గౌరవనీయులైన మేడమ్, నా చర్య వల్ల మీకు కలిగిన అసౌకర్యానికి హృదయపూర్వకంగా చింతిస్తున్నాను. మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది." చదివి కళ్ళు తుడుచుకున్నాడు. "ఎంత ఎదిగిందే మన పిల్ల!"

"మాకు అంటే ఎవరే? నువ్వూ నీ ఫోనూనా?" అన్నాను. కరెంటు పోయినందుకు చింతిస్తున్నాం అని కంపెనీలు పంపే రకం అది. రాసింది ఫోను, సంతకం దీనిది, మెచ్చుకోలు వాళ్ళ నాన్నది. నేను వద్దనేలోపు ఆయన పంపేశాడు.

కాసేపటికి నా ఫోనుకి జవాబు వచ్చింది. "కాపీ కొట్టిన జవాబు. సున్నా. రేపు పదింటికి వస్తాను. పళ్ళ కోసం కాదు. పిల్లని ఉండమను."

ఆవిడకి నోట్లో పళ్ళు లేకపోవచ్చు, టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది. సున్నా వేసి ఊరుకోలేదు, మళ్ళీ పరీక్ష పెట్టడానికి వస్తున్నారు.

మర్నాడు వచ్చి నేరుగా కుర్చీలో కూర్చున్నారు. నేను అలవాటుగా తెర వేయబోయాను.

"వద్దు. తీసే ఉంచు. పిల్లని నా ఎదురుగా నిలబడమను."

దొరసాని వచ్చి నిలబడింది. రాత్రంతా ఏం చెప్పాలో వాళ్ళ నాన్న బట్టీ పట్టించాడు. "మేడమ్, నేను మనస్ఫూర్తిగా..." అని మొదలుపెట్టింది. టీచరుగారు చెయ్యి ఎత్తి ఆపారు. రుమాలు దించి మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు. కొడుక్కి చూపించని నోరు. మా ఆయన చూపు తిప్పుకున్నాడు, ఆ మాత్రం మర్యాద ఆయన ఆఫీసుల్లో నేర్పుతుంటాడు.

"ఇటు చూడు," అన్నారు టీచరుగారు, దొరసానితో. "నేల మీద కాదు. నా మొహం చూడు."

చూసింది. ఆవిడ ఏడో ఎక్కం మొదలుపెట్టారు. ఏడొకట్ల ఏడు. ఏడు రెళ్ళు పద్నాలుగు. అవే చిగుళ్ళు, అవే జారిపోయే మాటలు. ఎక్కడా తొందరపడలేదు. దొరసాని కళ్ళలోకి చూస్తూ ఏడు పదుల డెబ్భై దాకా వెళ్ళి ఆగారు.

"నవ్వు," అన్నారు.

దొరసాని కదలలేదు.

"నవ్వమ్మా. లక్షమంది నవ్వారట కదా. నువ్వు కూడా నవ్వే ఉంటావు, మేకని తెచ్చిపెట్టావంటే."

"రావట్లేదండీ."

"అదే నోరు. అదే ఎక్కం. ఆరోజు వచ్చిన నవ్వు ఇవాళ ఎందుకు రాదు?"

"టీచర్, దాని ఉద్దేశం ఏంటంటే..." అన్నాడు మా ఆయన.

"నువ్వు కూర్చో. నిన్ను అడగలేదు."

కుర్చీ ఒక్కటే ఉంది, అందులో ఆవిడ ఉన్నారు. ఆయన ప్లాస్టరు బస్తా మీద కూర్చున్నాడు.

దొరసాని ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడిస్తే ఇంకా అసహ్యించుకునేదాన్ని, దానికి ఏడుపు కుళాయి తిప్పినట్టు వస్తుంది. ఏడవలేదు. వాళ్ళ నాన్న వైపు చూసింది, ఆయన దగ్గర బట్టీపాఠం తప్ప ఏం లేదు. నా వైపు చూసింది, నేను చూపు కలపలేదు. మళ్ళీ టీచరుగారి వైపే తిరిగింది.

"ఆరోజు మీరు నన్ను చూడట్లేదండీ."

టీచరుగారు దాన్ని పరీక్షగా చూశారు.

"ఇది నీ సొంత జవాబు," అన్నారు. పాస్ అయ్యావని గానీ, క్షమించానని గానీ అనలేదు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, నా వైపు తిరిగి, "ఆ మైనం కరిగించావా, ఉందా?" అని అడిగారు.

"ఉందండీ," అన్నాను.

"అయితే పెట్టు," అని నోరు తెరిచారు.