చాప మీద మిగిలిన యంగోనా కట్ట

రేవా నది మా చర్చి మూడో మెట్టు దాకా ఎక్కి, సహకార కొట్టు రేకుల మీద లోమనీ వాళ్ల ఆవును వదిలి పోయిన వరద ఏడాది అది. అంతకు ముందు పెద్ద వరదప్పుడు నా కూతురు టోరికా ఊళ్లోనే ఉంది. ఈ వరదకి దాని కూతురు ఉనైసి బురద ఎత్తడానికి వచ్చింది.

ఉనైసి సువాలో యూనివర్సిటీలో చదివింది. లారీ నిండా తోటి పిల్లల్ని వేసుకొచ్చింది. మూడు రోజులు ఇళ్లల్లో బురద ఎత్తి పోశారు. పొద్దున్నే ప్రార్థన, ఒక పాట, ఆ తరవాత పార. వాళ్లలో మా సంఘం పిల్లలున్నారు, వేరే సంఘాల వాళ్లూ ఉన్నారు. అందరూ ఒకే కుండలోంచి కర్రపెండలం తిన్నారు. నాకు నచ్చింది. నచ్చిందని ఎవరితోనూ అనలేదు. నేను మాట్లాడే మనిషిని కాను. మూడేళ్లు బడికి పోయాను, అక్కడా మాట్లాడలేదు.

మూడోనాడు నది ఒడ్డున పారలు కడుగుతూ ఉనైసి చెప్పింది. వ్యవసాయ శాఖలో ఉద్యోగం వచ్చిందట. వద్దని రాసేసిందట. హాస్టళ్లలో ఉండి, చదువుకునే పిల్లల మధ్య పరిచర్య చేస్తుందట.

నాకు ఒళ్లు మండింది. దీన్ని చదివించడానికి మా వంశం కొండ మీద యంగోనా తోట మొత్తం పీకి అమ్మింది, దాని వేళ్లు నూరి నీళ్లలో కలిపి తాగుతాం. ఆరేళ్లు పెంచిన మొక్కలు. ముసలాళ్లు కూడా గడ్డపార పట్టారు. ఎందుకు అని ఒక్క మాట అడిగాను.

రెండో ఏడాది పక్క గదిలో దూరపు దీవి పిల్ల ఒకతి కడుపుతో అయ్యిందట. ఆ పిల్ల సొంతూరి సంఘం ఆమె పేరు కొట్టేసి ఉత్తరం రాసింది. పిల్ల తలుపేసుకుని తిండి మానేసింది. ఉనైసి రోజూ చేపల చారు కాచి తలుపు ముందు కూర్చునేది. అయిదో రోజు తలుపు తెరుచుకుంది.

"బోధించడానికొచ్చావా అని అడిగింది తాతా. నాకు బోధించడం రాదు, చారు పోయడం వచ్చు అన్నాను."

ఆ తరవాత ఇంకొకతి వచ్చింది. తరవాత పదిమంది. కలిసి ప్రార్థన చేసేవాళ్లు, కలిసి ఏడ్చేవాళ్లు. దేవుడు తనని ఎక్కడ ఉంచాడో అప్పుడు తెలిసిందంది. లారీలో చంకన బిడ్డతో వచ్చి నా వంటిల్లు కడిగిన పిల్ల ఆమేనని కూడా చెప్పింది.

విన్నాక నా కోపం తగ్గలేదు, పెరిగింది. ఎవరి మీదో అప్పుడు తెలియలేదు.

మా దగ్గర ఊరు వదిలి వేరేచోట పనికి పోయేవాళ్లు ఊరి పెద్ద ముందు యంగోనా వేళ్ల కట్ట పెట్టి సెలవడగాలి. ఆడపిల్ల తరఫున ఇంటి మగవాడు మాట్లాడాలి. పెద్ద ఆ కట్టను ముట్టుకుని, దొప్ప చేతులతో చప్పట్లు కొడితే ఊరు పంపినట్టు. ముట్టుకోకపోతే కట్ట చాప మీదే ఉంటుంది. అలా పోయినవాళ్లు మళ్లీ వస్తే బయటివాళ్లలాగా గుమ్మం దగ్గర కూర్చోవాలి. ఉనైసికి తండ్రి ఊరంటూ లేదు. సెలవడగడానికి దానికి ఉన్నది ఇదొక్కటే ఊరు.

ఆ మధ్యాహ్నం నా మంచి సులు నడుముకు చుట్టుకుని, ఊరి మగవాళ్లంతా కూడిన చోట చాప మీద కట్ట పెట్టి ఉనైసి పక్కన కూర్చున్నాను. మా ఊరి పెద్ద కిటియోనే. వరసకు నా బావ, సంఘపెద్ద కూడా వాడే. అరవై ఏళ్లుగా ఒకరినొకరం వెక్కిరించుకుంటూ బతికాం. మా వరసకు అది మర్యాద, ఎవరూ నొచ్చుకోకూడదు.

నేను మాట్లాడాలి. అందరూ నా వైపు చూశారు. నోరు రాలేదు. కోపంతో రాలేదనుకున్నాను. ఉనైసి ఆగింది, ఆగింది, చివరికి తనే మాట్లాడింది. తప్పు అక్కడ జరిగింది. బాగానే మాట్లాడింది. మగవాళ్లు యంగోనా పోసిన కొబ్బరి చిప్పల్లోకి చూస్తూ కూర్చున్నారు.

"ఏం బావా, నీకు రావాల్సిన నాలుక కూడా దీనికే పోయిందా?" అన్నాడు కిటియోనే. అందరూ నవ్వారు. తరవాత వాడు అన్నది వెక్కిరింపు కాదు. "ఆడపిల్ల తనంతట తాను మాట్లాడితే అది సెలవడగడం కాదు, చెప్పి పోవడం. పరిచర్య అంటోంది. ఎవరు పంపారట? టోరికా కూతురు దేవుడి మాట చెప్తే వినేదెవరు?"

ఎవరూ నవ్వలేదు. ఎవరూ కాదనలేదు. నేనూ అనలేదు. వాడు చిప్ప ఎత్తి తాగి, ఆవును రేకుల మీంచి దించడం గురించి మొదలుపెట్టాడు. కట్ట చాప మీద ఉండిపోయింది. అందరూ లేచి పోయేదాకా ఉనైసి దాని ముందే కూర్చుంది.

సాయంత్రం కొబ్బరి తురుముతూ, తల ఎత్తకుండా అంది. "వాళ్ల మీద నాకు కోపం లేదు తాతా. నీ మీద ఉంది."

నేను పొయ్యిలోకి కట్టె తోశాను.

"అమ్మను చర్చి గుమ్మం పక్క బెంచీ మీద కూర్చోబెట్టిన ఆదివారం నువ్వెక్కడున్నావు?"

దానికి తెలుసు. ముందు వరసలో ఉన్నాను, పాడుతున్నాను. కడుపులో ఉన్నది ఈ పిల్లే. పెళ్లి కాకుండా కడుపుతో ఉందని కిటియోనే లేచి సంఘం ముందు టోరికా పేరు చదివాడు. నా కూతురు నాలుగు ఆదివారాలు ఆ బెంచీ మీద కూర్చుంది. అయిదో ఆదివారానికి లౌటోకా బస్సెక్కింది. రెండేళ్లకు బిడ్డను నా దగ్గరికి పంపింది. ఇంకో ఏడేళ్లకు తన శవపెట్టె వచ్చింది. పూడ్చినప్పుడు కూడా నేను మాట్లాడలేదు.

"రేపు లారీ పోతుంది. సెలవు లేకుండానే ఎక్కుతాను. గుమ్మం దగ్గర కూర్చోవడం మా అమ్మకు అలవాటే, నేనూ నేర్చుకుంటాను," అంది.

పళ్లెం ముందు పెట్టింది. నేను తినలేదు.

తెల్లారకముందే గడ్డపార తీసుకుని కొండెక్కాను. దాని చదువుకు తోటంతా పీకినప్పుడు కూడా నేను ముట్టని మొక్క ఒకటుంది. పదకొండేళ్లది. నన్ను పూడ్చే రోజుకని ఉంచుకున్నాను, ఊరందరికీ తెలుసు. చుట్టూ తవ్వి, కాండంతో సహా లాగాను. కడగలేదు. భుజాన వేసుకుని దిగి కిటియోనే ఇంట్లోకి పోయి, వరద తరవాత వాడి పెళ్లాం కొత్తగా పరిచిన చాప మీద మట్టితోనే పడేశాను.

వాడు టీ తాగుతున్నాడు. "ఇది నీ చావు మొక్క కదా బావా?" అన్నాడు.

"అవును. చచ్చాక నాకు మాట్లాడే పనుండదు. ఇప్పుడుంది," అన్నాను. కూర్చున్నాను. "టోరికా కూతురు ఉనైసి చదువుకునే పిల్లల మధ్య దేవుని పనికి పోతోంది. ఎవరు పంపారని అడిగావు. నేను పంపుతున్నాను. టోరికా పేరు నువ్వు చదివిన రోజు నేను నోరు మూసుకున్నాను. మూసుకోవడం నా తప్పు, చదవడం నీది. ఇది ముట్టుకో. ముట్టుకునేదాకా నేను లేవను."

లారీ ఒకసారి హారన్ కొట్టింది. వాడి టీ చల్లారింది. వాడి పెళ్లాం చాప అంచు సర్దబోయి ఊరుకుంది. లారీ మళ్లీ కొట్టింది. కిటియోనే కప్పు పక్కన పెట్టి, మట్టి వేరు మీద చెయ్యి ఆనించి, పద్ధతి ప్రకారం మూడు చప్పట్లు కొట్టాడు.

వాడికి మర్యాదగా తిరిగి నేనూ కొట్టాలి. కొట్టలేదు. లేచి బయటికి వచ్చి, ఉనైసి సంచీ అందుకుని లారీలో పెట్టాను.