లొరెట్టా చెప్పేసిన సంగతి

కాలేజీ రోజుల్లో లొరెట్టా తన ప్రొఫెసర్ కంప్యూటర్‌లోకి చొరబడి స్నేహితురాలి మార్కులు పెంచింది. పట్టుబడి సస్పెండయింది. చాలా ఏళ్ల తర్వాత అమెరికాలోని హంట్స్‌విల్‌లో ఓ రాకెట్ల కంపెనీలో పనిచేస్తూ, రక్షణ రహస్యాలు చూసే అనుమతికి దరఖాస్తు పెట్టుకుంది. విచారణకు వచ్చిన అధికారి ప్రుయిట్‌కు జరిగిందంతా తనే చెప్పింది.

"ఇది ఇంకెవరికి తెలుసు?" అన్నాడాయన.

"మా ఆయనక్కూడా తెలీదు సార్."

"చెప్పేయండమ్మా. తప్పు పాతదే. కానీ మీరు దాచినన్నాళ్లూ ఎవడైనా దాంతో మిమ్మల్ని బెదిరించొచ్చు. మా భయమల్లా అదే."

ఆ సాయంత్రం వంటింట్లో భర్త వేడ్‌కు అంతా చెప్పేసింది. అతను చివరిదాకా విన్నాడు.

"ఇంతకీ ఎంతకి పెంచావు?"

"సి గ్రేడు నుంచి బికి."

"అంత సాహసం చేసి బి యేనా!" అంటూ పగలబడి నవ్వాడు. లొరెట్టాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

వేసవి చివర్లో అనుమతి వచ్చింది.