పన్నెండు పళ్లేల తీర్పు

శాంతి నగర్‌లో నేను నడిపే బిస్సీలో ఒక పంగతికి పన్నెండు పళ్లేలు పడతాయి. పదమూడోది వేస్తే ఒకడి మోకాలు ఇంకొకడి పప్పులో ఉంటుంది. పెళ్లాం పిల్లల్ని ఊళ్లో వదిలి ఈ పరాయి రాష్ట్రానికి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనికొచ్చిన మగవాళ్లు రెండు పూటలా తినే చోటే బిస్సీ. అంతమంది ఒకచోట తిన్నాక తగాదాలు రాకుండా ఉంటాయా? నా తువ్వాల వీడు తీశాడు, నా చాప మీద వాడు పడుకున్నాడు. వినలేక ఒక నియమం పెట్టాను. తగాదా వస్తే పంగతి మొత్తం కూర్చుని తేల్చాలి. అందరిదీ ఒకే మాట అయ్యేదాకా అన్నం గిన్నె మూత తీయను. ఆకలి ముందు ఎవడి పంతం ఎంతసేపు నిలుస్తుంది? చాలా తగాదాలు పప్పు చల్లారకముందే తేలిపోయేవి. గంగాబాయి కోర్టు అసలు కోర్టు కంటే నయమని వాళ్లే అనేవారు. నేనూ మురిసిపోయేదాన్ని.

అంకుశం ఆ పంగతిలో గోడ పక్కన కూర్చునేవాడు. జగిత్యాల దిక్కు మనిషి. కల్లు కూడా ముట్టని మగవాణ్ణి మా వాళ్లలో నేను చూసింది అతన్నొక్కణ్ణే. అందుకే అందరూ అతన్ని ఆటపట్టించేవారు. నీళ్లొలికినా, మెతుకు రాలినా, ఎవడి చెయ్యి జారినా సరే, "అంకుశం తాగిండు" అని పంగతంతా నవ్వేది. అతనూ నవ్వేవాడు.

తొంభై ఎనిమిది ఎండాకాలంలో దారం కండెతో అటూ ఇటూ పరిగెత్తే నాడె సాంచా మీది నుంచి ఎగిరొచ్చి అతని కుడికంట్లో తగిలింది. నాడె ఎగరకుండా సాంచాకు అడ్డంగా ఒక ఇనుప కమ్మీ ఉంటుంది. తెగిన దారం అతికేటప్పుడు అది చేతికి అడ్డమొస్తుందని, బట్ట తక్కువ దిగుతుందని కార్ఖానా సేటు దాన్ని తీయించాడు. కన్ను పోయింది. అది చాలదన్నట్టు, పరిహారం కోసం కేసు వేస్తే, అంకుశం తాగి పనిలోకొచ్చాడని సేటు కోర్టులో చెప్పించాడు. మా నవ్వులాట మాట ఆయన చెవిన ఎవడు వేశాడో నాకు తెలియదు. తెలిసుంటే వాడికి నా బిస్సీలో గంజి కూడా దొరికేది కాదు.

ఒంటి కన్నుతోనైనా అంకుశం సాంచా నడపగలడు. కానీ తాగుబోతన్న పేరు పడ్డవాణ్ణి ఏ కార్ఖానా రానిస్తుంది? ఎక్కడికి వెళ్లినా గడప దగ్గరే తిప్పి పంపారు. ఆ మాట అబద్ధమని కోర్టు అంటే తప్ప అతనికి ఈ ఊళ్లో పని లేదు.

కోర్టు తారీఖులకు అతని వెంట నేనే వెళ్లేదాన్ని. మా వకీలు ఓంప్రకాష్ మన తెలుగువాడే. నల్లకోటు మోచేతుల దగ్గర వెలిసిపోయి ఉండేది. చదువుకునే రోజుల్లో ఆయన అమెరికా కోర్టుల మీద పరీక్ష రాశాడట. మంచి మార్కులు వచ్చింది ఆ ఒక్కదాంట్లోనేనట. అందుకని జడ్జి సెలవు పెట్టిన ప్రతి తారీఖూ వరండాలో మాకు అమెరికా పాఠమే.

"ఆడ రెండు తీర్ల కోర్టులుంటయి. రాష్ట్రానివి వేరే, దేశానివి వేరే. కింద ఓడితే పైకి పోవచ్చు. గని అసలు సంగతి గది కాదు అంకుశం. పెద్ద కేసులల్ల ఎవలది నిజమో జడ్జి తేల్చడు. పన్నెండు మంది తేలుస్తరు."

"పన్నెండు మంది జడ్జీలా సాబ్?"

"జడ్జీలు గాదు. డ్రైవరుండొచ్చు, మంగలాయన ఉండొచ్చు, నీ లెక్క సాంచా నడిపేటోడు గూడ ఉండొచ్చు. కానూను ఏందో జడ్జి చెప్తడు. రెండు దిక్కులా విన్నంక ఆ పన్నెండు మంది ఒక అర్రల కూసొని మాట్లాడుకుంటరు. అందరిది ఒక్క మాట గావాలె. ఒక్కడు కాదన్నా తీర్పు లేదు, మల్ల కొత్తోళ్లతోని మొదటికెల్లి."

అంకుశం నా వైపు తిరిగాడు. కన్ను పోయినప్పటి నుంచి ఆ ముఖంలో నేను చూడని ఉత్సాహం. "అక్కా, గిది మన పంగతే గదా."

"ఒకటి ఇను," అన్నాడు వకీలు. "ఆ పన్నెండు మందికి నువ్వెవలో తెల్వొద్దు. తెల్సినోడైతే మొదలే ఇంటికి పంపుతరు."

"గదేం న్యాయం సాబ్? మా ఊర్ల కులపోళ్లు కూసుంటే, మా తాతకెల్లి తెల్సినోళ్లే కూసుంటరు. తెల్వనోడు నా గురించి ఏం చెప్తడు?"

వకీలు విసుక్కున్నాడు. "అమెరికా సంగతి ఇడిసిపెట్టు. వచ్చే తారీఖు గవాహీలది. నువ్వు తాగలేదని, కమ్మీ లేకుండెనని చెప్పేటోళ్లు ఇద్దరు గావాలె. ఎవ్వరు రాకుంటే కేసు గంతే."

నేను వస్తానన్నాను. ఆ రోజు కార్ఖానాలో ఉన్నవాళ్లే కావాలన్నాడు.

"ఇద్దరెందుకు సాబ్," అన్నాడు అంకుశం. "పన్నెండు మందిని తెస్త."

బస్సులో దారి పొడుగునా అదే మాట. నాకూ ఆశ పుట్టింది. ఏళ్ల తరబడి నా చేతి అన్నం తిన్నవాళ్లు, ఒక్క మాట చెప్పలేరా అనుకున్నాను.

ఆ సాయంత్రం సేటు కార్ఖానాలో రాత్రి పాళీకి వెళ్లేవాళ్లు, కన్ను పోయిన రోజు అక్కడున్నవాళ్లే, పంగతిలో కూర్చున్నారు. అంకుశం చోట్లో గోడ పక్కన ఇప్పుడు ఓదెలు కూర్చుంటున్నాడు. సాంచాలు బాగుచేసే జాబర్. కమ్మీ విప్పింది అతని చేతులే, అది అందరికీ తెలుసు. అంకుశం ఎదురుగా నిలబడి, తారీఖు సంగతి చెప్పి అడిగాడు. "మీరే చెప్పుర్రి. నేను తాగిన్నా?"

"నువ్వు తాగుడేందిరా," అన్నాడు అందరిలో పెద్దవాడు నాగయ్య. "కల్లు వాసనకే ముక్కు మూసుకుంటవు." నవ్వులు. వరసగా ఒక్కొక్కరే తాగలేదన్నారు. పదకొండు మంది. ఓదెలు మాత్రం ఖాళీ పళ్లెంలోకి చూస్తున్నాడు.

"నేను సూడలే. గప్పుడు బయట ఉన్న."

"కమ్మీ తీసింది నువ్వే గదా తమ్మీ," అన్నాను.

"సేటు తీయమన్నడు, తీసిన. కోర్టుల గది చెప్తే రేపటికెల్లి నేనేడ పని జెయ్యాలె అక్కా? మనం పండుకునే ఖోలీలు గూడ సేటువే."

నేను గిన్నె మూత మీద చెయ్యి పెట్టి కూర్చున్నాను. పదకొండు మంది కలిసి ఒక్కణ్ణి ఒప్పించలేరా? కాసేపటికి వాళ్ల చూపులు ఓదెలు మీద లేవు, గోడ గడియారం మీద ఉన్నాయి. పాళీకి ఆలస్యమైతే బద్లీవాడు సాంచా మీద ఎక్కుతాడు.

"ఓదెలన్నది గూడ నిజమే," అన్నాడు గాలయ్య మెల్లగా. "నేను నా సాంచా దిక్కే సూస్తున్న. నాడె ఎగిరింది నేను సూడలే."

"ఆ చప్పుడుల ఏం తెలుస్తది," అన్నాడు పక్కవాడు.

అలా ఒక్కొక్కరే జారిపోయారు. చివరికి నాగయ్య మిగిలాడు. ఆయన అంకుశం ముఖం చూడలేదు. "తాగినవని ఎవ్వరం అంటలేం బిడ్డా. సూడలేదంటున్నం, గంతే. అన్నం పెట్టు చెల్లె."

నాకు ఒళ్లు మండిపోయింది. గిన్నె తీసుకెళ్లి మోరీలో పారబోద్దామనిపించింది. కానీ పన్నెండు మందిదీ ఒకే మాట అయింది, నియమం పెట్టింది నేనే. తెలియనివాళ్లనే ఎందుకు కూర్చోబెడతారో వకీలు వరండాలో చెప్పలేదు, నా బిస్సీలో నాకు తెలిసింది. అంకుశాన్ని ఎరిగినవాళ్లందరూ సేటును ఇంకా బాగా ఎరుగుదురు.

నేను కదలకపోతే అంకుశమే వచ్చి నా చెయ్యి మూత మీది నుంచి తీశాడు. "పాళీకి ఆలస్యమైతది అక్కా. తిననియ్యి."

గరిటె తీసుకుని తనే వడ్డించాడు. నాగయ్య నుంచి మొదలుపెట్టి గోడ దాకా వచ్చాడు. ఒంటి కంటికి దూరం సరిగా అందదు. ఓదెలు పళ్లెం దగ్గర గరిటె తప్పి, అన్నమంతా నేల మీద పడింది.

నేను వాళ్ల ముఖాలే చూస్తున్నాను. మెతుకు రాలితే ఎప్పుడూ అనే మాట ఆ రోజు ఎవరూ అనలేదు. ఓదెలు తల వంచుకుని ఆ మెతుకులు ఏరి పళ్లెంలో వేసుకున్నాడు. అందరూ తిన్నారు.