నీలం డబ్బా

ఆదివారం మధ్యాహ్నం మూడయ్యేసరికి కేశవరావు గారి బేస్‌మెంట్‌లో నాలుగు కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. సువార్తరాజు చివరి కుర్చీలో కూలబడ్డాడు. గుండ్రంగా వేసినవాటిలో చివరిదేదంటే, మెట్లకు దూరంగా ఉన్నది. వారంలో ఆరు షిఫ్టులు నిలబడి వచ్చిన కాళ్లు కూర్చున్నాక కూడా లాగుతూనే ఉన్నాయి.

కెనడాలోని గ్వెల్ఫ్‌లో చదువు ముగించి, కారు విడిభాగాల ఫ్యాక్టరీలో చేరి రెండున్నరేళ్లయింది. వర్క్ పర్మిట్ మే నెలాఖరు వరకే. పీఆర్‌కు అంటే ఇక్కడే స్థిరపడే అనుమతికి అప్లై చెయ్యాలంటే ఇంగ్లీషు పరీక్షలో స్పీకింగ్‌కు ఏడు రావాలి. రెండుసార్లు వెళ్లాడు, రెండుసార్లూ ఆరే వచ్చింది. ఇప్పుడు ఫిబ్రవరి. వచ్చే శనివారం మూడోసారి. అదీ పోతే ఇంకోసారి రాయడానికి డబ్బూ లేదు, ఓపికా లేదు.

పరీక్షలో ఎదురుగా కూర్చునేది ఒక్కరే. అయినా నలుగురిలో మాట్లాడితేనే నోరు తిరుగుతుందని కేశవరావు గారి పట్టుదల. ముప్పై ఏళ్లు ఇక్కడి యూనివర్సిటీలో నేలల గురించి పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. బేస్‌మెంట్ నలుగురు కుర్రాళ్లకు అద్దెకిచ్చారు. వాళ్లలో సువార్తరాజు ఒకడు, కిట్టు ఒకడు. రెండు వీధుల అవతల నుంచి హర్షిణి వస్తుంది. కరీంనగర్ పిల్ల, కాఫీ షాపులో పని. ఆ ఇద్దరూ ఆయన్ను అంకుల్ అంటారు. సువార్తరాజుకు మాత్రం సార్ అనే వస్తుంది. అంకుల్ అనబోతే నాలుక మడత పడుతుంది.

కేశవరావు గారు కళ్లజోడు సర్దుకుని కార్డు తీశారు. ఊళ్లోకి విద్యార్థులు మరీ ఎక్కువగా వస్తున్నారా అన్నది విషయం.

"నేను అవునంటాను. మీరు ముగ్గురూ కాదనాలి. ఇంగ్లీషులోనే" అని మొదలుపెట్టారు. బస్సులో కాలు పెట్టే చోటు లేదన్నారు. ఇళ్లు దొరకడం లేదన్నారు. హర్షిణి రెండు ముక్కల్లో కాదంది. కిట్టు ఆవలింత ఆపుకుంటూ ఏదో లెక్క చెప్పాడు. సువార్తరాజు వంతు వచ్చింది.

"యెస్ సర్. యూ ఆర్ రైట్ సర్" అన్నాడు.

"కాదనమన్నాను కదయ్యా."

"మీరు చెప్పింది నిజమే కదండీ. పొద్దున బస్సులో నేనూ నిలబడే వచ్చాను."

హర్షిణి తలపట్టుకుంది. "అన్నా, గిది చర్చి కాదు. ప్రతిదానికి ఆమెన్ అంటవేంది?"

కిట్టు నవ్వాడు. సువార్తరాజూ నవ్వాడు గానీ మొహంలో నవ్వు నిలవలేదు. పోయినసారి పరీక్షలో జరిగిందీ ఇదే. ఎదురుగా కూర్చున్న పెద్దాయన ఏదంటే దానికి తల ఊపి, అవునండీ అని ఊరుకున్నాడు. ఊళ్లో బడిలో మాస్టారి మాటకు ఎదురు చెప్పినవాణ్ని అతను చూడలేదు. తల ఊపిన తర్వాత ఇక మాట్లాడడానికి ఏముంటుంది?

"ఫ్యాక్టరీల నీ పని ఏంది?" అంది హర్షిణి.

"ఇన్‌స్పెక్షన్. బాగాలేని ముక్క తీసి పక్కన పడేయడం."

"రోజుకు ఎన్నిటిని వద్దంటవ్?"

"వందుంటాయి."

"మరి గీడ నోరు పడిపోయిందా?"

"ముక్కలకు నేను అద్దె కట్టనమ్మా" అన్నాడు మెల్లగా.

ఆ మాట కేశవరావు గారికి వినబడింది. వినబడనట్టే కార్డు వైపు చూసి మళ్లీ ఇంగ్లీషు అందుకున్నారు. ఈసారి గొంతు మారింది. ఒక్కో బేస్‌మెంట్‌లో నలుగురు ఉంటున్నారన్నారు. చెత్త వేయడం కూడా తెలియదన్నారు. రీసైక్లింగ్ నీలం డబ్బాకు మూత పడడం లేదని, మొన్న మంగళవారం లారీవాడు చీటీ అంటించి డబ్బా వదిలేసి పోయాడని అన్నారు.

అది కార్డులో లేదు. ఆ చీటీ పట్టుకుని ఆయన కిందకు దిగిన రోజు నలుగురూ వరసగా సారీ చెప్పారు. గది ఖాళీ చేయమంటారేమోనని సువార్తరాజు రెండు రోజులు సరిగ్గా తినలేదు.

ఇప్పుడు అతను మనసులోనే ఆ డబ్బాను ఫ్యాక్టరీలో ముక్కను చూసినట్టు చూశాడు. తిప్పి, వెలుతురుకు పట్టి, పగులు ఎక్కడుందో వెతికాడు. చలికాలమంతా మంచులో దాన్ని రోడ్డు దాకా లాగినవాడు అతనే. అందులో ఏముంటుందో ఆ ఇంట్లో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

"నో సర్" అన్నాడు. "ఐ డోంట్ అగ్రీ."

కిట్టు ఆవలింత మధ్యలో ఆగిపోయాడు.

సువార్తరాజు ఇంగ్లీషులో, ఒక్కో మాటా పక్కన పెడుతున్నట్టు చెప్పుకుపోయాడు. బేస్‌మెంట్‌లో నలుగురు ఉన్న మాట నిజం. వారానికి వాళ్ల పాల డబ్బాలు ఎనిమిది. మిగతావి ఆన్‌లైన్‌లో తెప్పించిన సరుకుల అట్టపెట్టెలు. పోయినవారం పదకొండు వచ్చాయి. వాటిమీద ఉన్న పేరు కాంతం. చలికాలమంతా వాటి టేపు కోసి మడిచి సర్దినవాడు తనే. ఆ మంగళవారం డబుల్ షిఫ్టు పడి మడవలేదు. అందుకే మూత పడలేదు.

మెట్ల మీద టీ పళ్లెంతో నిలబడి ఉన్నారు కేశవరావు గారి భార్య కాంతం గారు. "పదకొండేనా? నేను తొమ్మిదనుకున్నా" అన్నారు.

కేశవరావు గారి చెవులు ఎర్రబడ్డాయి. సువార్తరాజు లేచి నిలబడ్డాడు.

"కూర్చో" అన్నారాయన. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచారు. ఎంతసేపు తుడిచారో. "కారణం చెప్పావు. ఉదాహరణ చెప్పావు. రెండు నిమిషాలు ఆగకుండా మాట్లాడావు. రెండో కారణం ఉందా?"

"బస్సులు చాలకపోతే ఇంకో బస్సు వెయ్యాలండీ" అన్నాడు తెలుగులో.

"ఇంగ్లీషులో ఏడు."

శనివారం పరీక్ష గదిలో తెల్లజుట్టు ఆవిడ కూర్చుని ఉంది. అచ్చం వాళ్ల ఊరి హెడ్మిస్ట్రెస్ సరోజన గారిలా ఉందనిపించింది అతనికి. ఈ కాలం వాళ్లకు ఇరుగుపొరుగు పట్టదంటారు, మీరేమంటారు అని అడిగింది. తల దానంతటదే ఊగబోయింది. ఆపుకున్నాడు. ప్రశ్నను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కేశవరావు గారు గరాజ్‌లో స్టూలు వేసుకుని అట్టపెట్టె మడుస్తున్నారు. అది మడత పడడం లేదు.

"ముందు అడుగున టేపు కొయ్యాలండీ" అన్నాడు సువార్తరాజు.

ఆయన చాకు అందించి, "ఎలా జరిగింది?" అన్నారు.

"ఆవిడ మూడుసార్లు అడిగితే రెండుసార్లు ఒప్పుకోలేదండీ."

"రిజల్ట్ ఎప్పుడు?"

"వారం పడుతుందట."

సువార్తరాజు కింద కూర్చుని టేపు చీల్చాడు. పెట్టె చప్పున పలకలా పరుచుకుంది.

"మరి మూడోసారి?" అన్నారు కేశవరావు గారు.

"మూడోసారి ఆవిడ చెప్పింది నిజమేనండీ."

"ఏమంది?"

"ఈ రోజుల్లో మనుషులు సరిగ్గా నిద్రపోవడం లేదంది."