దండాసి వ్యాన్ వెనక స్టెప్నీ స్టాండు

నేను ఒక స్టెప్నీ స్టాండును. వ్యాన్ వెనక ఒక అదనపు చక్రాన్ని పట్టుకుని నిలబడడం నా పని. నేను కంపెనీలో పుట్టలేదు. నాకు నంబరు లేదు, స్టిక్కరు లేదు. నాలో సగం ఒక ఇంటి గేటు, పావు వంతు ఒక పాత ఆటో, మిగతాది వెల్డింగు. ఆ వెల్డింగు చూసినవాళ్ళు ఇదెవరు చేశారని అడుగుతారు. మెచ్చుకోవడానికి కాదు.

వ్యాన్ దండాసిది. కవిటి దాటాక సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊరు అతనిది. సోమ, బుధ, శుక్రవారాలు తెల్లవారగానే ఐదుగురు కిడ్నీ రోగులను ఎక్కించుకుని పలాసలో ఆసుపత్రికి తీసుకెళ్తాడు. అక్కడ ఒక్కొక్కరూ డయాలసిస్ యంత్రం పక్కన నాలుగు గంటలు పడుకుంటారు. మధ్యాహ్నం దాటాక మళ్ళీ ఇంటికి తెచ్చి దింపుతాడు. ఈ పని ఒక్కసారి తప్పినా కుదరదు. ఆ సంగతి చక్రాలకు తెలియదు కదా, అవి తమకు తోచినప్పుడు పంక్చరవుతాయి.

నేను పుట్టకముందు స్టెప్నీ వ్యాన్ కింద గొలుసుకు వేలాడుతుండేది. సముద్రపు గాలికి ఆ గొలుసు తుప్పుపట్టింది. ఒక బుధవారం సరుగుడు తోట దగ్గర ముందు చక్రం దిగిపోయింది. దండాసి బండి కిందికి దూరి రెండు గంటలు పెనుగులాడాడు. గొలుసు ఊడలేదు. చివరికి ఒక ట్రాక్టరు ఆగి సాయం చేసేసరికి, అందరికంటే ముందున్న పారమ్మ వంతు దాటిపోయింది. పారమ్మ జీడిపప్పు బట్టీలో పనిచేసి మానేసిన మనిషి, యాభై దాటిన వయసు. ఆమె యంత్రం ఇంకొకరికి ఇచ్చారు. మర్నాడు పొద్దుటికల్లా ఆమెకు ఊపిరి అందలేదు. మూడు రోజులు ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెడితే బతికి బయటపడింది.

ఆ తర్వాత దండాసి ఆ గొలుసును నమ్మలేదు. స్టెప్నీని తెచ్చి వ్యాన్ లోపల సీట్ల మధ్య పడేశాడు. అంతకుముందు పారమ్మ తిరుగు ప్రయాణంలో అక్కడే దుప్పటి పరుచుకుని పడుకునేది. ఇప్పుడు ఆ చోట చక్రం పడుకుంది. ఆమె కిటికీకి తల ఆనించి, కాళ్ళు టైరు మీద పెట్టుకుని, ప్రతి గుంతకీ కళ్ళు మూసుకునేది. దండాసి అద్దంలో అది చూసి బండిని ఇంకా నెమ్మది చేసేవాడు.

చివరి సీటులో బెందాళం జోగారావు కూర్చునేవాడు. రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఏడేళ్ళు ఫిట్టరుగా చేసి రిటైరైనవాడు. డయాలసిస్ మొదలై పదకొండు నెలలైంది. ఆ పదకొండు నెలలూ అతను వ్యాన్‌లో ఎవరితోనూ మాట్లాడలేదు. పలకరిస్తే తల ఊపేవాడు. రక్తం తీసి ఎక్కించడానికి ఎడమ చేతికి ఆపరేషన్ చేశారు, ఆ చేత్తో బరువు ఎత్తవద్దన్నారు. అతను రెండు చేతుల పనీ మానేసి, రెండింటినీ ఒళ్ళో పెట్టుకుని బయటికి చూస్తుండేవాడు.

ఒక శుక్రవారం పారమ్మ తల కిటికీ చువ్వకు కొట్టుకుని చిట్లింది. చిన్న దెబ్బే. జోగారావు ఆమె నుదుటిని చూశాడు, చక్రాన్ని చూశాడు.

"దండాసీ, ఆ సక్రం బండెనక ఉండాల," అన్నాడు.

పదకొండు నెలల తర్వాత వచ్చిన మాట కాబట్టి దండాసి బండి ఆపి మరీ విన్నాడు.

మర్నాడు ఇద్దరూ ఊళ్ళో వెల్డరు దగ్గరికి వెళ్ళారు. వెనక తలుపుకు చక్రం బిగిస్తే తలుపు రేకు చిరిగిపోతుంది, తాను చెయ్యనన్నాడు వెల్డరు. జోగారావు అది నిజమే అని ఒప్పుకున్నాడు. అందుకని తలుపు మీద కాదు, బండి కింది ఛాసిస్‌కు ఒక స్తంభం నిలబెట్టి, ఆ స్తంభానికి చెయ్యిలాగా నన్ను తగిలిస్తానన్నాడు. తలుపు తియ్యాలంటే ముందు నేను పక్కకు తిరగాలి. వెల్డరు తల గోక్కుని, కావాలంటే మిషను ఇస్తాను మీరే చేసుకోండి అన్నాడు. ఆ తర్వాత చాలా రోజులు ఆ మాట అన్నందుకు బాధపడ్డాడు.

ఇనుము కోసం జోగారావు తన ఇంటి గేటు ఊడదీయించాడు. భార్య నీలవేణమ్మ సరేనంది. పదకొండు నెలల తర్వాత మనిషి ఏదో ఒకటి అడిగాడు, అది గేటైతే గేటు. ఆమె గేటున్న చోట మంచం అడ్డం పెట్టింది. ఊరి మేకలు ఆ మంచం ఎక్కి లోపలికి దూకి కనకాంబరాలు తినేశాయి. నేను సులువుగా తిరగడానికి ఒక పాడైన ఆటో నుంచి చక్రం తిరిగే భాగాన్ని బేరింగుతో సహా తెచ్చి స్తంభానికి అతికించారు. నా బొమ్మను మాత్రం జోగారావు వెల్డరు షాపు గచ్చు మీద సుద్దతో గీశాడు. ఎవరూ తొక్కకుండా చుట్టూ ఇటుకలు పెట్టించాడు.

తెలిసినవాడికి చేతులు పనికిరావు, చేతులున్నవాడికి పని తెలియదు. దండాసి అంతకుముందు వెల్డింగు రాడ్డు పట్టుకోలేదు. మొదటి అతుకు పిట్ట రెట్టలా వచ్చింది. జోగారావు సుత్తి తెచ్చుకుని కుడిచేత్తో ఒక్కటి వేశాడు. అతుకు ఊడి కిందపడింది.

"మళ్ళీ ఎయ్యి," అన్నాడు.

అలా ఆరుసార్లు నన్ను అతికించారు, ఐదుసార్లు ఊడగొట్టారు. అడుగడుగునా ఊడుతూ పుట్టినదాన్ని కాబట్టి నాకు గర్వం తక్కువ. ఆసుపత్రి లేని రోజుల్లోనే పని. మూడో వారానికి దండాసి కనుబొమలు సగం కాలాయి, అతుకులు మాత్రం నిలబడ్డాయి. జోగారావు ఉదయం ఆరింటికే వచ్చి షాపు తెరవలేదేమని గుమ్మంలో నిలబడేవాడు. భోజనానికి ఇంటికి వెళ్ళడం మరిచిపోతే నీలవేణమ్మ డబ్బాలో పెట్టి పంపేది. ఉప్పు లేని కూర తింటూ దండాసిని తిట్టేవాడు. అంతకుముందు కూర తినేవాడే కాదని నీలవేణమ్మ తర్వాత చెప్పింది.

ఇక పరీక్ష. చక్రం బరువు పదిహేడు కిలోలు. నేను దానికి మూడింతలు మోస్తేనే చక్రాన్ని నాకెక్కిద్దామన్నాడు జోగారావు. అంటే యాభై ఒక్క కిలోలు. అక్కడ తూకం రాళ్ళు లేవు. కానీ డయాలసిస్‌కు ముందూ తర్వాతా రోగులను తూస్తారు. అందుకని ఆ వ్యాన్‌లో ప్రతి మనిషికీ తన బరువు అర కిలో తేడా లేకుండా తెలుసు. చూడ్డానికొచ్చిన పారమ్మ ఆలోచించి చెప్పింది.

"నిన్న మిసను మీద నీరు తీసేసినారు. ఇయ్యాల నలబై తొమ్మిదే ఉంటాను. రేపు పొద్దుటికి యాబై ఒకటవుతాను. అప్పుడు కూకుంటాను."

బుధవారం ఆసుపత్రికి బయలుదేరే ముందు ఆమె నా మీద కూర్చుంది. జోగారావు ఐదు నిమిషాలు కూర్చోమన్నాడు. పది నిమిషాలు కూర్చుంది. నేను వంగలేదు. అప్పుడే చక్రాన్ని సీట్ల మధ్య నుంచి తీసి నాకు తగిలించారు. ఆ పూట మధ్యాహ్నం తిరుగు ప్రయాణంలో ఆమె దుప్పటి పరుచుకుని పడుకుంది.

రెండో వారంలో నేను తప్పు చేశాను. ఒక స్పీడ్‌బ్రేకర్ దగ్గర నా గొళ్ళెం ఎగిరిపడి, నేను చక్రంతో సహా రోడ్డు మీదికి తెరుచుకున్నాను. ఒక కొట్టు ముందు వేలాడదీసిన ప్లాస్టిక్ బకెట్లన్నీ నాతో వచ్చేశాయి. మనుషులకు ఏమీ కాలేదు. దండాసి బకెట్లు ఏరి ఇచ్చాడు. జోగారావు దిగి వచ్చి నన్ను చూసి, మళ్ళీ తన సీటులో కూర్చుని బయటికి చూడడం మొదలుపెట్టాడు. ఆ రోజంతా మాట్లాడలేదు. శుక్రవారం కూడా మాట్లాడలేదు. వ్యాన్‌లో అందరూ భయపడ్డారు. సోమవారం పారమ్మ సీటులోంచి వెనక్కి తిరిగింది.

"అది నీది తప్పైతే నువ్వే దిద్దు, అన్నా. కూకుని ఏడిస్తే ఎవులు దిద్దుతారు?"

జోగారావు ఆమె వైపు తిరిగాడు. "కింద ఇంకో గొళ్ళెం, దానికి పిన్ను," అన్నాడు. మంగళవారం సాయంత్రానికి నాకు రెండు గొళ్ళేలు, రెండు పిన్నులు వచ్చాయి. వాటిని ఏ వరసలో తియ్యాలో, ఏ వరసలో పెట్టాలో జోగారావు అందరితోనూ చేయించాడు. పారమ్మ చేత నాలుగుసార్లు చేయించాడు.

కార్తీకంలో వానలు పట్టాయి. జోగారావుకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి పలాస ఆసుపత్రిలోనే ఉంచేశారు. అదే వారం దండాసికి జ్వరం వచ్చి కీళ్ళు పట్టేశాయి. బండి నడపడానికి తన మేనల్లుడు ఢిల్లేసును పంపాడు. ఢిల్లేసు మంచి డ్రైవరే, కానీ నా సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. దారిలో మడ్డువాక దాటగానే వెనక చక్రం పేలింది. వాన కొడుతోంది. ముందూ వెనకా బండి లేదు. ఢిల్లేసు నన్ను పట్టుకుని లాగాడు. నేను కదల్లేదు. కదలకుండా చేశారు కదా. ఇంకా గట్టిగా లాగాడు, తర్వాత రాయి తీసుకున్నాడు.

పారమ్మ తల మీద సంచి కప్పుకుని దిగింది.

"రాయొగ్గీ బావూ. ముందు పైది తియ్యి, తరవాత కిందది. లాగకు, ఎత్తి తిప్పు."

అతను తిప్పాడు. నేను తెరుచుకున్నాను. చక్రం దిగింది. ఇరవై నిమిషాల్లో బండి కదిలింది. ఎవరి వంతూ పోలేదు.

యంత్రం మీంచి లేచాక పారమ్మ గోడ పట్టుకుని నడుస్తూ జోగారావు వార్డుకు వెళ్ళింది. జరిగింది చెప్పింది. అతని ముక్కుకు గొట్టం ఉంది. దాన్ని చేత్తో పక్కకు జరుపుకుని అడిగాడట.

"పిన్నులు మళ్ళీ ఎట్టినావా?"

"ఎట్టినాను," అంది పారమ్మ. "రెండూనూ."

అతను గొట్టం మళ్ళీ పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. తన చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదని ఆమె తిరుగు దారిలో చెప్పింది. తొమ్మిదో రోజున అతను పోయాడు. దహనానికి వ్యాన్‌లోవాళ్ళెవరూ వెళ్ళలేకపోయారు. ఆ రోజు శుక్రవారం.

ఇప్పుడు మూడేళ్ళైంది. ఆసుపత్రి ఆవరణలో ఆగినప్పుడు మిగతా వ్యాన్‌ల డ్రైవర్లు నన్ను తిప్పి చూసేవారు. ఒకరు టేపు తెచ్చి కొలిచారు. తర్వాత ఇంకొకరు. దండాసి సెలవు రోజుల్లో వెల్డరు షాపులో వాళ్ళకు స్టాండులు చేసి ఇస్తున్నాడు. ఈ చుట్టుపక్కల నాలాంటివి ఇప్పుడు ఆరు తిరుగుతున్నాయి. వాటి అతుకులు నావాటికంటే చాలా బాగుంటాయి.

ఈ పని ఎక్కడ నేర్చుకున్నావని వాళ్ళు దండాసిని అడుగుతారు.

"మా గురువుగారి దగ్గిర," అంటాడు దండాసి.

జోగారావు తన జన్మలో ఎవరికీ గురువు కాదు. రైల్వేలో ఫిట్టరు, అంతే. తన గురించి అలా చెబితే తప్పని దిద్దేవాడు. నేను దిద్దను.