జాయ్ అన్నా ఆయ్ అన్నా

ఆదివారం వచ్చి కుక్కను తీసుకెళ్ళిపోతానని మా బావగారు ఫోన్ చేస్తే, నేను "ఆయ్" అన్నాను.

అనకూడదు. అన్నాను. ఫోన్ పెట్టేశాక వరండాలో నిలబడి ఆయన్ని తిట్టవలసినవన్నీ తిట్టుకున్నాను, అదీ లోలోపలే. నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి మా ఆవిడ వీరవేణికి తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఎందుకంటే నా కోపం గొంతుదాకా వచ్చి, అక్కడ "ఆయ్" అయిపోతుంది. కోనసీమలో మా ఐనవిల్లి వైపు మనుషులం చాలామందిమి అంతే. ఎదుటివాళ్ళు ఏమన్నా ముందు ఆయ్ అనేసి, తరవాత తీరిగ్గా ఆలోచించుకుంటాం. మిగతావాళ్ళు ఆలోచించుకున్నాక తప్పించుకునే దారి ఏదో ఒకటి వెతుక్కుంటారు. నేను మాత్రం అన్న పాపానికి కట్టుబడి ఉండిపోతాను.

కామేశ్వరరావుగారు మా అక్క సత్యదుర్గ భర్త. రాజమండ్రిలో కాంట్రాక్టులు చేస్తారు. మా గేటుకి ఏ రంగు వెయ్యాలో, మా అబ్బాయి ఏ కాలేజీలో చేరాలో, నేను ముచ్చటపడి కొనుక్కున్న బండి ఎవరికి అమ్మెయ్యాలో, అన్నీ ఆయనే చెప్పారు. అన్నిటికీ ఆయ్ అన్నాను. గేటు ఇప్పటికీ గులాబీ రంగులోనే ఉంది.

ఈ కుక్క కూడా అలా వచ్చిందే. హైదరాబాదులో ఎవరింట్లోనో చూసి సరదాపడి ఆయన కొనుక్కున్న జాక్ రసెల్ టెర్రియర్. పేరు జాయ్. తెల్లటి ఒళ్ళు, ఒక కంటి మీదుగా గోధుమరంగు మచ్చ, పిల్లి కన్నా కాస్త పెద్ద. వాళ్ళ అపార్ట్‌మెంటులో అది సోఫా కొరికి లోపలిదంతా బయటికి లాగిందట. లిఫ్టు ఎక్కినవాళ్ళని దిగనివ్వలేదట, దిగినవాళ్ళని మళ్ళీ ఎక్కనివ్వలేదట. పై అంతస్తువాళ్ళు గొడవ పెట్టుకునేసరికి ఆయన దాన్ని కారులో వేసుకొచ్చి మా వరండాలో దింపారు.

"నాలుగు రోజులు ఉంచుకోవయ్యా రాజేంద్రా. పల్లెటూరు కదా, దానికీ బాగుంటుంది."

"ఆయ్," అన్నాను.

ఆ మాటకి కుక్క పరుగెత్తుకొచ్చి నా కాళ్ళ ముందు కూర్చుంది. తల ఒక పక్కకి వంచి, ఏం పని మీద పిలిచావన్నట్టు నా ముఖంలోకి చూసింది. అప్పుడే మాలిమి అయిపోయిందని బావగారు సంబరపడ్డారు. నిజం చెప్పొద్దూ, నేనూ కాస్త పొంగిపోయాను.

అసలు సంగతి మర్నాడు వీరవేణి కనిపెట్టింది. నేను కురిడీల వ్యాపారం చేస్తాను. కొబ్బరికాయల్ని అటక మీద పోసి నెలల తరబడి ఉంచితే నీళ్ళు ఇంకిపోయి లోపల కొబ్బరి గలగలలాడుతుంది, అదే కురిడీ. ఆ పొద్దున అంబాజీపేట షావుకారుతో ఫోన్లో మాట్లాడుతూ మామూలుగా ఆయ్, ఆయ్ అంటున్నాను. అన్నప్పుడల్లా కుక్క ఎక్కడున్నా ఎగిరొచ్చి నా ఒళ్ళో పడుతోంది. దింపుతున్నాను, ఆయ్ అంటున్నాను, మళ్ళీ ఒళ్ళో ఉంటోంది.

"ఏవండీ, దాని పేరు జాయ్ కదండీ," అంది వీరవేణి వంటింటి గుమ్మంలోంచి. "మీరు పిలుస్తున్నారనుకుంటోందండి."

"ఆయ్, నిజమే," అన్నాను. మళ్ళీ వచ్చింది.

కోనసీమలో కుక్కకి పెట్టకూడని పేరు ఏదైనా ఉంటే అదొక్కటే. పాలు పోసే అప్పారావు ఆయ్ అంటాడు. కొబ్బరి దింపేవాళ్ళు చెట్టు మీంచి ఆయ్ అంటారు. దారిన పోయే పెద్దమనిషి గేటు దగ్గర ఆగి, ఎండలు బాగా ఉన్నాయి కదండీ అంటే, ఇంట్లోంచి ఇద్దరం ఆయ్ అంటాం. ప్రపంచమంతా తన కోసమే కలవరిస్తోందని జాయ్ అనుకుంది. వచ్చిన కొత్తలో ఆ పిలుపులన్నిటికీ మహదానందంగా పరుగులు పెట్టింది.

కానీ ఈ జాతి కుక్కలకి ఒక గుణం ఉంది. తాము చిన్నవాళ్ళమన్న సంగతి వాటికి ఎవరూ చెప్పలేదు. పక్కింటి గేదెని దాని పాకలోకి వెళ్ళి మరీ గద్దించి వస్తుంది. వీధి కుక్కలన్నీ ఒకవైపు నిలబడితే, తానొక్కతే ఒకవైపు నిలబడి, అవి సరిపోతాయా అని లెక్క చూసుకుంటుంది. ఎవరైనా దాన్ని చూసి నవ్వితే గోడవైపు తిరిగి కూర్చుంటుంది, బతిమాలితేగానీ ఇటు తిరగదు. అంత అభిమానం ఉన్న ప్రాణిని పొద్దస్తమానం ఊరికే పిలిచి ఊరుకుంటే ఎందుకు ఓర్చుకుంటుంది? పిలిచినవాడు బిస్కెట్టయినా పెట్టకపోతే, పనైనా చెప్పకపోతే, లుంగీ అంచు పట్టుకుని లాగడం మొదలుపెట్టింది.

నా లుంగీ అయినంతసేపు ఎవరూ పట్టించుకోలేదు. ఒకరోజు గుడి కమిటీ కేశవరావుగారు వచ్చి వీధి అరుగు మీద కూర్చుని నాలుగు మాటలకి నాలుగు ఆయ్‌లు అన్నారు. అయిదో దానికి ఆయన పట్టుపంచె చెంగు దాని నోట్లో ఉంది. ఆయన పైకి లేచారు, పంచె లేవలేదు. విడిపించబోయి నేనొక చివర, ఆయనొక చివర, మధ్యలో గుర్రుమంటూ జాయ్.

ఆయన వెళ్ళాక వీరవేణి చెప్పేసింది. "ఈ ఇంట్లో ఇక ఆ మాట వద్దండి. ఎవరన్నా సరే."

పుట్టిన దగ్గర్నించీ నోట్లో ఉన్న మాటని మానెయ్యడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఆయ్ అన్నది నిజానికి అవును కాదు, కాదూ కాదు. వింటున్నాను, మీరు పెద్దవారు, కానివ్వండి అని అర్థం. అది తీసేస్తే ఆ చోటులో ఏదో ఒకటి పెట్టాలి. సరే అనాలంటే సరేనో కాదో ముందు నాకు తెలియాలి. నలభై ఎనిమిదేళ్ళు వచ్చాక నేను ఎవరేమన్నా ఒక్క క్షణం ఆగి, ఇది నాకు ఇష్టమేనా అని ఆలోచించుకోవడం మొదలుపెట్టాను. చాలా వాటికి ఇష్టం లేదని తేలింది.

షావుకారు ఫోన్ చేసి, ఈసారి కాయ చిన్నదండీ, రేటు కాస్త తగ్గించి వేస్తాను అన్నాడు. జాయ్ అప్పుడే నా కాళ్ళ మీద తల పెట్టి పడుకుంది. లేపడం ఇష్టం లేక నేనేమీ అనలేదు. తరవాత ఆయనే, పోనీలెండి పాత రేటే వేద్దాం అన్నాడు. కేశవరావుగారు వచ్చి కల్యాణం సామానంతా ఎప్పటిలాగే మా పాకలో పడేస్తామన్నారు. "ఈసారి కుదరదండి, పాకలో కాయ పోసుకోవాలి," అన్నాను. ఆయన ఆశ్చర్యపోయారు గానీ వెళ్ళి ఇంకొకరిని అడిగారు. ఆకాశం ఏమీ ఊడిపడలేదు.

ఇక అటక మీద ఎలకలు. ఏళ్ళ తరబడి నా కురిడీల్లో సగం అవే తినేవి. జాయ్ రోజంతా కింద నిలబడి పైకి చూస్తూ మొరుగుతుంటే విసుగెత్తి ఒకరోజు నిచ్చెన మీంచి పైకి ఎక్కించాను. సాయంత్రానికి దాని సైజులో ముప్పావు వంతు ఉన్న పందికొక్కుని కరుచుకుని నిచ్చెన అంచుకి వచ్చి దింపమంది. దింపితే తిన్నగా వీరవేణి దేవుడి గది గుమ్మంలో పెట్టి కూర్చుంది. ఆవిడ ఇల్లంతా కడిగి, తలస్నానం చేసి, దాన్ని తిట్టినంతసేపు తిట్టి, ఆ పూట దాని అన్నంలో నెయ్యి వేసింది.

ఆ నాలుగు రోజులూ ఆరు నెలలయ్యాయి. అబ్బాయి హాస్టలుకి వెళ్ళిపోయాక ఇద్దరమే మిగిలిన ఇంట్లో అది మూడో మనిషి అయిపోయింది. మా ఇద్దరి మధ్యా దుప్పటిలో దూరి పడుకుంటుంది. నేను వీరవేణితో గొంతు పెంచితే నా మీద అరుస్తుంది, ఆవిడ పెంచితే మాత్రం ఊరుకుంటుంది. నాకది అంటే ప్రాణం. ఇలా రాసుకోవడానికి సిగ్గేమీ లేదు.

అందుకే ఆ ఫోన్ అంత బాధపెట్టింది. రాజోలు దగ్గర చేపల చెరువులున్న సత్యానందంగారికి జాయ్‌ని బహుమతిగా ఇస్తానని బావగారు మాటిచ్చేశారు. ఆయనతో ఏదో స్థలం పని ఉందట. చెరువు గట్టు మీద గుంజకి గొలుసేసి కట్టేస్తే కాపలాకి బాగుంటుందట. చెప్పిన తీరులో అడగడం లేదు, చెప్పడమే ఉంది. నా నోరు పాత నోరే కనక ఆయ్ అంది. దొడ్లో కొబ్బరి మొదట్లో గొయ్యి తవ్వుతున్న జాయ్ ఆ మాట విని, మూతినిండా మట్టితో తోకాడించుకుంటూ పరుగెత్తుకొచ్చింది. తనని ఇచ్చేస్తున్న మాటకే తాను వచ్చింది. నాకు ఏడుపు వచ్చింది.

ఆదివారం బావగారూ అక్కా వచ్చారు. వాళ్ళు కారు దిగీ దిగగానే జాయ్ మా అక్క మీదికి ఎగిరింది. అపార్ట్‌మెంటులో దానికి అన్నం పెట్టిందీ, కింద తిప్పిందీ అంతా అక్కే. అక్క ఎర్ర అంచు పట్టుచీర సంగతి మరిచిపోయి మెట్ల మీద కూర్చుండిపోయింది. బావగారు గొలుసు కొత్తది కొనుక్కొచ్చారు, బల్ల మీద పెట్టారు. వీరవేణి పనసపొట్టు కూర చేసింది. ఆయన రెండోసారి వడ్డించుకుని, గేటుకి మళ్ళీ రంగు వేయించమని చెప్పి, చెయ్యి కడుక్కుని వచ్చారు.

"అమ్మా వీరవేణీ, దాన్ని ఆ గొలుసేసి ఇలా పట్రా. సత్యానందంగారు ఎదురుచూస్తుంటారు."

వీరవేణి కదల్లేదు. నా వైపు చూసింది. నాలిక చివరికి ఆ మాట వచ్చేసింది. పళ్ళు బిగపట్టాను. లోపల ఎప్పుడూ ఉండే కోపమంతా ఉంది, కానీ విచిత్రంగా దానితో పని పడలేదు.

"ఇవ్వనండి," అన్నాను.

"ఏంటయ్యా?"

"జాయ్‌ని ఇవ్వనండి, బావగారూ."

పేరు వినపడి అది వచ్చి మా ఇద్దరి మధ్యా కూర్చుంది.

"మొన్న ఫోన్లో ఆయ్ అన్నావు కదా."

"అన్నానండి. నేను దేనికైనా అంటానండి. నాకిష్టమో కాదో మీరెప్పుడూ అడగలేదండి, నేనూ ఎప్పుడూ చెప్పలేదండి. ఇప్పుడు చెప్తున్నానండి. ఇష్టం లేదండి."

నా జన్మలో ఇంటి పెద్దవాళ్ళకి ఎదురు చెప్పడం అదే మొదలు. అందులోనూ అండీలు ఎక్కడా తగ్గలేదు.

"కుక్క కోసం నా మాట తీసేస్తావన్నమాట. అవతల ఆయనకి మాటిచ్చేను నేను."

"నాకు చెప్పకుండా ఇచ్చేరండి. కావాలంటే సత్యానందంగారికి నేను ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకుంటానండి. కుక్కని మాత్రం ఇవ్వనండి."

బావగారి ముఖం మా గేటు రంగులోకి మారింది. కాసేపు నన్ను, కాసేపు కుక్కని చూశారు. గొలుసు జేబులో వేసుకుని, "సత్యా, పద," అని కారు దగ్గరికి వెళ్ళిపోయారు. ఆయన్ని అలా పంపడం నాకు బాగోలేదు. అయినా వెనక్కి పిలవలేదు.

అక్క చెప్పులు వేసుకుంటూ నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను.

"ఒరేయ్ తమ్ముడూ," అంది గొంతు తగ్గించి, "ఇందాక అన్నావే, అది ఇంకోసారి అనరా."

"ఏదక్కా?"

"అదే. ఇవ్వనండి అన్నావే."

"ఇవ్వనండి," అన్నాను.

అక్క పెదాలు కదిపి, పైకి వినపడకుండా అనుకుని చూసుకుంది. బయట హారన్ మోగింది. మెట్లు దిగి, గేటు దాటి, కారు కిటికీ దగ్గర వంగింది. ఇక ఎక్కుతుంది అనుకున్నాం.

"నేను రానండి," అంది. "రెండ్రోజులు ఉండి బస్సుకి వస్తానండి. మీరెళ్ళండి."

కారు చాలాసేపు అక్కడే గుడగుడలాడుతూ నిలబడింది. లోపల ఆయన ఏమన్నారో మాకు వినపడలేదు. అక్క మాత్రం కిటికీ వదిలి ఒక అడుగు వెనక్కి వేసి నిలబడింది. చివరికి కారు కదిలి కాలవ గట్టు మలుపు తిరిగింది.

అక్క తిరిగొచ్చి అరుగు మీద కూర్చుంది. జాయ్ ఎక్కి ఒళ్ళో సర్దుకుంది. వీరవేణి టీ పెడతానని లోపలికి వెళ్ళబోతే ఆపింది.

"పంచదార బాగా వెయ్యమ్మా. ఆయనకి పడదని పెళ్ళయిన దగ్గర్నించీ నేనూ మానేసేను."