అద్దాల గదిలో అరగంట

అమెరికాలో చలి ఎక్కువుండే డలూత్‌లో ఇళ్ళకు హీటర్లు అమ్మే ఒక కంపెనీలో కోరిన్ పదకొండేళ్ళుగా ఫిర్యాదుల ఫోన్లు చూస్తోంది. ఆమె మేనేజరు జెనీవ్ ప్రతి గురువారం తన కింది ఆరుగురినీ ఒక్కొక్కరినే అద్దాల గదిలోకి పిలిచి అరగంట మాట్లాడుతుంది. కోరిన్ వంతు ఏనాడూ పది నిమిషాలు దాటలేదు. అది తన గొప్పే అనుకునేది. పని సరిగ్గా చేసే మనిషితో మాట్లాడ్డానికేముంటుంది?

సెప్టెంబరులో ఆన్సెల్ చేరాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. వాడి వంతు కోరిన్ తర్వాత. మొదటివారం నలభై నిమిషాలు. మరుసటివారం దాదాపు గంట. అద్దానికి అవతల జెనీవ్ చెంపకు చెయ్యి ఆనించుకుని వాడి మాటలు వింటుంటే కోరిన్ మాటిమాటికీ గడియారం చూసేది. ఓసారి ఇద్దరూ పడీ పడీ నవ్వారు. ఆ వేళ లైనులో ఉన్న పెద్దావిడ ఒకే మాట రెండుసార్లు చెప్పినా కోరిన్ చెవికెక్కలేదు.

"ఏంటంట అన్ని కబుర్లు?" అంది పక్క సీటు వెండెల్‌తో.

"వెళ్ళి అడుగు. నీ చూపుకి ఆ అద్దం పగిలేట్టుంది" అన్నాడతను శాండ్‌విచ్ నములుతూ.

జనవరిలో మెయిల్ వచ్చింది. కొత్తవాళ్ళకి పని నేర్పే బాధ్యత ఆన్సెల్‌కి. చేరి నాలుగు నెలలైనా నిండలేదు! ఫోనులో ఎలా మాట్లాడాలో వాడికి నేర్పిందే కోరిన్. ఆ మెయిల్ మూడుసార్లు చదివింది. ఆ మధ్యాహ్నం సూపు గిన్నె మూత కూడా తియ్యలేదు.

గురువారం జెనీవ్ ఎప్పట్లాగే అడిగింది. "పనెలా ఉంది?"

"బాగానే ఉంది."

"ఇంకేమన్నా?"

ఎప్పుడూ "లేదు" అని లేచిపోయేది. ఈసారి కోరిన్ లేవలేదు.

"వాడితో గంటసేపు ఏం మాట్లాడతారు? నన్నయితే పది నిమిషాల్లో పంపేస్తారు."

"అతను చెప్పినవి నీకు చెప్పను. నువ్వు చెప్పేవి అతనికీ చెప్పను. కానీ నేర్పే పని చేరిన మూడోవారంలోనే తనంతట తనే అడిగాడు."

"అడిగినవాళ్ళకేనా? నా సంగతి అడక్కుండానే మీకు తెలియాలి."

జెనీవ్ తలూపింది. "తెలియాల్సిందే. నీతో ఏ ఇబ్బందీ లేదు కదా అని నిన్ను తొందరగా పంపేసి నా మెయిళ్ళు చూసుకునేదాన్ని. తప్పు నాది. ఇప్పుడు చెప్పు."

పోట్లాడాలని వచ్చిన కోరిన్ ఆ మాటకి మెత్తబడింది. కిందటి చలికాలం హీటరు ఆగిపోయిన ఓ ముసలాయనతో, మెకానిక్ వచ్చేదాకా రెండు గంటలు లైనులో ఉంది. ఆయన పళ్ళు టకటకలాడటం వినిపిస్తూనే ఉండేది. ఆయనకేం కాలేదు. కానీ అప్పట్నుంచీ ఫోను మోగితే చాలు, ఆమె గుండె గుబేలుమంటోంది. ఇంట్లోనూ చెప్పని ఆ సంగతి ఇప్పుడు చెప్పింది. కొన్నాళ్ళు ఫోన్లకి దూరంగా, కొత్తవాళ్ళకి నేర్పుతూ ఉండాలనుందని కూడా చెప్పింది.

ముప్పావుగంట గడిచింది. జెనీవ్ కంప్యూటర్ వైపు తల తిప్పలేదు.

ఆన్సెల్ పని ఎవరూ లాక్కోలేదు. మార్చి నుంచి హీటర్ల సంగతులు వాడు నేర్పాలి, మాటతీరు కోరిన్ నేర్పాలి. వారానికి రెండు రోజులు ఆమెకి ఫోన్లుండవు.

మొదటిరోజు వాడే ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. "ఇన్నాళ్ళూ మీ మాటలే కొత్తవాళ్ళకి అప్పజెప్తున్నా. మీరే వచ్చాక నాకు ప్రాణం కుదుటపడింది."

వాడు మంచివాడు కావడం కూడా కోరిన్‌కి కంటగింపుగానే ఉంది. అయినా కుర్చీ కాస్త జరిపి వాడికి చోటిచ్చింది.